తొంభై దాటితే వణుకు

శనివారం, రాత్రి

అన్నయ్య జీపు ఎత్తు పెంచిన దగ్గర్నుంచి తొంభై దాటితే చాలు, కిందనుంచి వణుకు. చక్రాలు బ్యాలెన్స్ చేయించినా పోలేదు. ఇవాళ సంత్రాగాఛి స్టేషను దాటాక హైవే మీద నేనే నడిపాను. వణుకు మొదలవగానే న్యూట్రల్‌లో వేశాను. ఇంజను నెమ్మదించింది, వణుకు మాత్రం తగ్గలేదు. అంటే ఇంజను కాదు, వెనక చక్రాలకి వెళ్ళే షాఫ్టే.

ఇంటికొచ్చి కిందకి దూరి చూశాను. ఎత్తు పెంచడంతో షాఫ్టు బాగా ఏటవాలైపోయింది. దాని జాయింటు వదులై, చేత్తో పట్టుకుంటే చాలు, కదులుతోంది.

"ఇది ఊడితే బండి పల్టీ కొట్టీగలదు అన్నయ్యా. రేపు దిఘా బీచికి ఒద్దు," అన్నాను.

"నెమ్మదిగా ఎల్తాన్లే. పిల్లలు బట్టలు సర్దీసుకున్నారు, ఆలకేటి సెప్పమంటావు?" అన్నాడు.

నెమ్మదిగా వెళ్ళే మనిషి కాదు. సాయంత్రం అన్నయ్య బజారుకి వెళ్ళగానే షాఫ్టు విప్పేశాను. అది లేకపోతే జీపు కదలదు. ఇప్పుడు నా మంచం కిందే ఉంది. పొద్దున్న పిల్లలు ఏడుస్తారు. అన్నయ్య నాతో ఎన్నాళ్ళు మాట్లాడడో.

విప్పుతుంటే వదిన వచ్చింది. పక్కన కూర్చుని టార్చి పట్టింది. ఆ సంగతి అన్నయ్యకి చెప్పను.