తాగుబోతు గొంతు

కోడంబాక్కం, చెన్నై
12-8-1997

అమ్మకు, గిరి నమస్కరించి రాస్తున్నది. ఇక్కడ తాయారు, పాప ఆశ కులాసా. చిత్తూరులో నువ్వు, అక్క, బావ బాగున్నారని తలుస్తాను.

నువ్వు పంపిన లేహ్యం అందింది. రోగాలను తట్టుకునే శక్తి వస్తుందని, రెండు పూటలా తినమన్నావు. ఆశ దొంగచాటుగా నాకి నాకి సగం ఖాళీ చేసింది.

ఫోనులో నా మాట ముద్దముద్దగా ఉందని, తాగుడు మొదలుపెట్టానా అని అడిగావు. లేదమ్మా, ఆశ మీద ఒట్టు. తాయారుకూ అదే అనుమానం. డబ్బింగ్ నుంచి రాగానే నా నోరు వాసన చూసేది.

పోయిన నెల ఒక అరవ సినిమాకు తెలుగు డబ్బింగ్ చెబుతూ ఉన్నాను. హీరో స్నేహితుడి మాటలకు నా నాలుక ఎంతకీ తిరగలేదు. సౌండ్ ఇంజనీరు సుందర్‌రాజ్‌కు నేనంటే అభిమానం. "వదిలేయప్పా, ఆ తాగుబోతు వేషానికి చెప్పు. ఈడ ఎవురూ కుదర్లా" అన్నాడు. చెప్పాను. మొదటి టేకే ఓకే. అందరూ పొట్ట పట్టుకుని నవ్వారు, చప్పట్లు కొట్టారు. ఇంత బాగా ఎట్లా నటించావని అడిగారు. నేను నటించలేదమ్మా. కాగితంలో ఉన్నది మామూలుగానే చదివాను.

ఆ చప్పట్లకు నా ఒళ్లు చల్లబడిపోయింది. మర్నాడే నరాల డాక్టరు దగ్గరికి వెళ్లాను. ఆయన పరీక్షలన్నీ చేయించి, కండరాలను కదిలించే నరాలు చచ్చిపోతున్నాయన్నాడు. మోటార్ న్యూరాన్ జబ్బట. ముందు మాట పోతుంది, తర్వాత మింగడం, ఆ తర్వాత కాళ్లూ చేతులూ. నయం చేసే మందు లేదు.

నీ లేహ్యం గుర్తొచ్చి, ఒంట్లో రోగాన్ని తట్టుకునే శక్తి తగ్గి వచ్చిందా అని అడిగాను. "అట్ల కాదప్పా. రోగం రాకుండా కాపాడే కణాలే ఆ నరాల చుట్టూ మూగి ఉంటాయి. కాపాడను వచ్చినాయో, చంపను చెయ్యి వేస్తా ఉండాయో మాకే ఇంకా తెలీదు" అన్నాడు. వాటిని అణిచే మందులు కొందరికి ఇచ్చి చూశారట, గుణం కనిపించలేదట. నా ఒంటికి కాపలా ఉన్నవాళ్లనే నమ్మలేకపోతే ఇంకెవరిని నమ్మాలి? ఆ మాట విన్నప్పటి నుంచి నాకు బుర్ర పనిచేయడం లేదు. నీ లేహ్యం వల్ల చెడేమీ లేదన్నాడు, దానికోసం నువ్వు ఏడవొద్దు.

కులాసా అని రాసినచోట నా పేరు రాయలేదు. నువ్వు చూసే ఉంటావు.

ఈ ఉత్తరం అందగానే బస్సెక్కి రా. మాట ఉన్నంతకాలం నీ ఎదురుగా కూర్చుని మాట్లాడాలని ఉంది. ఆ సినిమా దీపావళికి వస్తుందట. అప్పటికి నా మాట ఎట్లా ఉంటుందో. చిత్తూరు హాల్లో తాగుబోతు నోరు తెరవగానే అందరూ నవ్వుతారు. నువ్వు కళ్లు మూసుకుని విను. అందులో నటన లేదు, మాట్లాడుతున్నది నేనే.

ఇట్లు,
నీ కొడుకు
గిరి