మార్కులు కాదు, మార్కర్
మంగళవారం రాత్రి, చీపురుపల్లి

తప్పులుంటాయి, అక్షరాలూ వంకరే.

ఊపిరితిత్తులు మార్చిన రెండేళ్లకి మా ఆయన, నా బావే, మెట్లు ఆయాసం లేకుండా ఎక్కుతున్నాడు. అందుకే ఈరోజు ఆస్పత్రిలో డాక్టరుగారు "రక్తంలో మార్కర్ పెరిగిందమ్మా" అంటే, మార్కులు పెరిగాయనుకుని సంబరంగా నవ్వేశాను.

బయటికొచ్చాక బావ అన్నాడు: "ఒసే, మార్కులు కాదే! పెట్టిన ఊపిరితిత్తుల్ని నా ఒల్లు మెల్లమెల్లగా వొద్దంతాదేమోనని ముందే సెప్పే గుర్తంట."

"నీకేటీ అవనేదు కదా బావా?"

"అయ్యాక తెలిస్తే ఏటి లాభం?"

అప్పటినుంచీ అతని ఊపిరే వింటున్నాను. ఏ తేడా లేదు. తేడా లేకపోవడమే ఇప్పుడు నన్ను భయపెడుతోంది.

బావా, ఈ కాగితం నీకు దొరికితే చదవకుండా పొయ్యిలో పెట్టెయ్. నీ ముందు నేను ఇంకా ధైర్యంగానే ఉన్నాను.