చేదు తెలియని నాలుక

గౌరవనీయులైన యజమాని గారికి,

మన మూలికల కొట్టులో పంతొమ్మిదేళ్ళుగా బాలింతబోళం ఏరుతున్న నేను చేసుకునే విన్నపం. మంగళవారం వచ్చిన మూడో బస్తాలో ఉన్నది బోళం కాదు, ఉత్త తుమ్మబంక. పరీక్షించి ముద్ర వేసింది నేనే. దయచేసి ఆ పొట్లాలను బాలింతల ఇళ్ళకు పంపవద్దు.

ఎండిన నేలల్లో పెరిగే ముళ్ళచెట్టు బెరడుకు గాటు పెడితే కారి గట్టిపడేదే బోళం. పూర్వం నుంచీ బాలింతల మందుకూ, పుండ్లకూ, పుక్కిలింతకూ, ధూపానికీ వాడుతున్నారు. బంక రంగూ అదే, పక్క బస్తాల వాసనా దానికి అంటుకుంటుంది. అందుకే నాలుకే చివరి పరీక్ష. ఆ రోజు కూడా పలుకు నోట్లో వేసుకుని, అలవాటు కొద్దీ పుస్తకంలో "చేదు సరిపోయింది" అని రాశాను.

పొట్లాలు కట్టే పిన్నిగారు ఒక పలుకు కొరికి, "ఏమయ్యా, ఇందులో చేదేది? నీ నాలుక ఎవరికైనా అరువిచ్చావా?" అన్నారు. అప్పుడు పాత సీసాలోని అసలు బోళం నమిలి చూశాను. అదీ చప్పగానే ఉంది. ప్రసవమైన తొమ్మిదో రోజున నా భార్య పోయినప్పటి నుంచీ ఇలాగే ఉందేమో, నేను గమనించలేదు.

కాబట్టి నన్ను తూకం పనికి మార్చవలసిందిగా కోరుతున్నాను. కొత్తగా ఏరేవారికి నమూనా కావలసివస్తే, ఆమె కోసం తీసుకెళ్ళిన పొట్లం ఇంట్లో సగం మిగిలి ఉంది. అది నికార్సయిన సరుకే. మింగేటప్పుడు ఆమె మొహం చిట్లించడం నేను చూశాను.

ఇట్లు,
ఏరుడు బల్ల దగ్గరి మీ పనివాడు