గుప్పెడు ముద్దబంతి విత్తనాలు

వదినగారూ,

ఈ ఇంటికి వచ్చినప్పటి నుంచి నాకొక అనుమానం. కొమ్మ మీదున్న పువ్వు దేవుడికి కనబడదా? కోసి పెడితేనే ఆనుతుందా? నేనూ రోజూ దణ్ణం పెట్టుకునేదాన్నే, అందుకే అడుగుతున్నాను.

అమ్మను ఆసుపత్రిలో చేర్చారట, వెళ్తున్నాను. మీ తమ్ముడికి ఫోన్‌లో చెప్పాను. పొద్దు వాలాక మొక్కలకు నీళ్లు పోయండి. జినియాల్లో వాడిన పూలు తుంచేస్తేనే ఎండాకాలం చివరిదాకా కొత్తవి పూస్తాయి. గడ్డిగులాబీకి చెంబెడు చాలు. మొగ్గలు మాత్రం కోయకండి.

నిన్న ఎదురింటి టీచరమ్మ, "ఇంత ఎండల్లోనూ మీ పెరడు ఎంత కళకళలాడుతోందండీ!" అంటే, "అంతా నా చేతి చలువమ్మా" అన్నారు. నీళ్ల బకెట్టు పట్టుకుని నేనక్కడే ఉన్నాను.

నేను కొత్తగా వచ్చినప్పుడు గుప్పెడు ముద్దబంతి విత్తనాలిచ్చి, "ఇది అప్పే సుమా" అన్నారు. అప్పటి నుంచి అయినదానికీ కానిదానికీ "తీసుకోవడమే గానీ ఇవ్వడం తెలీదు" అని దెప్పుతూనే ఉన్నారు. తెల్లారకముందే పూజకని బంతిపూలన్నీ మీరే కోసేస్తే విత్తనం ఎక్కణ్ణుంచి వస్తుంది? ఏటా నారు కొని నాటుకున్నాను.

ఈసారి నీళ్లతొట్టి వెనక, మీ కంట పడకుండా ఒక బంతిమొక్క పెంచాను. పూలు కొమ్మ మీదే విచ్చి, కొమ్మ మీదే ఎండాయి. మీరు చూడలేదు గానీ దేవుడు చూసే ఉంటాడు.

మరిచాను: విత్తనాలు గుడ్డలో మూటగట్టి పూజగది కిటికీలో పెట్టాను. గుప్పెడుకు ఎక్కువే ఉంటాయి. మీ అప్పు తీరింది.