పసుపు నూనె మీద ఫిర్యాదు

1965 జనవరి 17, ఆదివారం. నిజామాబాద్

హైదరాబాదు నుంచి కబడ్డీ రూల్‌బుక్ వచ్చింది. ఇంగ్లీషులో ఉంది. తెలుగు చేసే పని నాది. 'క్రీడాస్ఫూర్తి' అని రాసి, ఆ మాటనే చూస్తూ పది నిమిషాలు కూర్చున్నాను. పక్కన అమ్మ బీడీలు చుడుతూ, గట్ల కాయిదం మొకం జూస్తె కడుపు నిండుతదా ముత్యం, జర ఆకు కత్తిరియ్యరాదు అంది.

నేను ఆడను. మా టీము కెప్టెన్ సిద్దిరాములు నన్ను సెక్రటరీని చేశాడు. నువ్వు కూతకు పోతె గాలికే అవుటైతవు, నువ్వు కలం పట్టు, మేము కాళ్లు పడతం అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

బోధన్ టోర్నమెంటులో ఫైనల్ ఆడినవాళ్లలోంచి ఒకరిని చక్కెర ఫ్యాక్టరీ తన టీములోకి తీసుకుంటుందట. పర్మనెంట్ నౌకరీ. చెరకు సీజన్ ఉన్నా లేకున్నా పని ఉంటుంది.

జనవరి 23, శనివారం. బోధన్

సెమీఫైనల్ ఓడిపోయాం.

చెరకు కొట్టే కూలీల టీము ఓడించింది. అందులో సత్యానందం అని నవీపేట్ వైపు మనిషి. ఇరవై ఆరేళ్లుంటాయి. ఓడించింది నిజానికి అతనొక్కడే. మావాళ్లు నలుగురు మీద పడ్డా కూత ఆగలేదు. ఎవరి చేతికీ దొరకలేదు. గీత తాకి, వెనక్కి తిరిగి, కింద పడి ఉన్న సిద్దిరాములుకు చెయ్యిచ్చి లేపాడు.

సిద్దిరాములు లేచి తన అరచేయి చూసుకున్నాడు. మెరుస్తోంది. పసుపు రంగు. నూనె రాసుకొని ఆడిండు లంగగాడు, ఏదిరా నీ బుక్కు, తియ్యి! అని నా మీద అరిచాడు.

తీశాను. ఒంటికి నూనె గానీ, జారే పదార్థం మరేదైనా గానీ పూసుకొని ఆడరాదు. నేను తెలుగు చేసిన వాక్యమే.

జనవరి 24

ప్రొటెస్ట్ రాశాను. మూడు డ్రాఫ్టులు. 'పవిత్రమైన క్రీడారంగమున కపటమునకు తావిచ్చినచో రేపటి తరము మనలను క్షమించదు.' ఈ వాక్యం ఎక్కడినుంచి వచ్చిందో నాకే తెలియదు. నాలుగుసార్లు పైకి చదువుకున్నాను. సిద్దిరాములుకు సగం అర్థం కాలేదు. అయినా సంతకం పెట్టాడు. గిది సదువుతుంటె తప్పు నేనే చేసిన్నేమో అనిపిస్తుంది రా అన్నాడు.

జనవరి 25, సోమవారం. బోధన్, మధ్యాహ్నం

టోర్నమెంటు కమిటీ విచారణ పది గంటలకు. నేను ఎనిమిదింటికే చేరాను. ఫ్యాక్టరీ గేటు బయట చెరకు బండ్లు బారులు తీరి ఉన్నాయి. నల్లా దగ్గర సత్యానందం చొక్కా విప్పి ఒళ్లు కడుక్కుంటున్నాడు. చేతులు చూశాను. మణికట్టు నుంచి భుజం దాకా సన్నని గీతలు. వందలు. కొన్ని నల్లబడ్డాయి, కొన్ని ఇంకా ఎర్రగా ఉన్నాయి. మెడ మీద కూడా.

అతనితో చెరకు కొట్టే కాశయ్య బండి మీద కూర్చొని ఉన్నాడు. నేనెవరో అతనికి తెలియదు. ఆ గీతలేమిటని అడిగాను. చెరుకాకు బిడ్డా, కత్తి లెక్క కోస్తది, పొద్దుగాల లేస్తూనె ఆముదంల పసుపు కాసి ఒళ్లంత రాసుకుంటం, లేకుంటె మాపటికల్ల మంట మంట అన్నాడు. పెండ్లి పీటల మీద గూడ నాకు గీ వాసనే, పిల్ల ముక్కు మూస్కున్నది అని నవ్వాడు.

అంటే ఆట కోసం రాసుకున్నది కాదు. సీజన్ పొడుగునా ఒంటి మీద ఉండేదే.

ఇది నాకు తెలిసింది ఎనిమిదింబావుకు. కమిటీ పదింటికి. స్పష్టంగా రాసిపెట్టుకుంటున్నాను.

అదే రోజు, సాయంత్రం

కమిటీ పెద్ద లింబయ్య సారు, డ్రిల్ మాస్టరు. ఫిర్యాదు నా చేతే పైకి చదివించాడు. నా గొంతు బాగానే పలికింది. సత్యానందం చేతులు కట్టుకుని నిలబడి విన్నాడు. నాకు గీ రూలు ఎరికలేదు సారూ, సబ్బుతోని కడుక్కొని వస్త, మల్ల మొదటికెల్లి ఆడిపియ్యుండ్రి అన్నాడు.

సారు నన్ను వరండాలోకి పిలిచాడు. వాడు ఎందుకు రాసుకున్నడో నాకు సమజైంది, కని రూలు రూలే, నువ్వు కాయిదం వాపస్ తీసుకుంటె ఆట మల్ల ఆడిపిస్త, లేకుంటె వాణ్ణి తీసేసుడు తప్పది, ఏమంటవు? అన్నాడు.

రూలు కారణం అడగదు సార్ అన్నాను.

ఎంత మంచి వాక్యమో అని, అది నోట్లోంచి వస్తుండగానే అనిపించింది.

సారు లోపలికి వెళ్లాడు. సత్యానందాన్ని టోర్నమెంటు నుంచి తీసేశారు. మ్యాచ్ మాకు ఇచ్చారు.

జనవరి 26

ఫైనల్ గెలిచాం.

ఫిబ్రవరి 7

సిద్దిరాములుకు నౌకరీ వచ్చింది. స్టేషన్ దగ్గర హోటల్లో మిర్చీలు, చాయ్. నేను పట్టలేనోణ్ణి నీ కలం పట్టింది తమ్మీ అని నా వీపు మీద చరిచాడు. అందరూ నవ్వారు. నేను మిర్చి పక్కన పెట్టి, సీజన్ అయిపోతే సత్యానందం ఏం చేస్తాడు అని అడిగాను. ఎవరికీ తెలియదు. గిప్పుడు వాని ముచ్చటెందుకు అన్నాడు సిద్దిరాములు.

ఫిబ్రవరి 14, ఆదివారం

సైకిల్ తొక్కుకుంటూ సత్యానందం ఊరికి వెళ్లాను. చర్చి అప్పుడే విడిచారు. వాళ్ల అమ్మ శారమ్మ మంచం వాల్చి, నీళ్ల చెంబు ఇచ్చింది. ఎవరి పిలగానివి, సదువుకున్నోని లెక్క కనవడుతున్నవు అంది. నేను నోరు తెరిచేలోగానే, మావోనికి ఫ్యాక్టరి సాబుకు ఒక అర్జీ రాసియ్యి బిడ్డా, బండ్లు బందయితె మల్ల బొంబయి పోతడు, పోయినేడు కొడుకు పుడితె గూడ మొకం చూడరాలె అంది.

అప్పుడు చెప్పేశాను. ఆ ఫిర్యాదు రాసింది నేనేనని. నూనె ఎందుకో కమిటీకి ముందే తెలుసునని.

శారమ్మ లేచి లోపలికి వెళ్లింది.

సత్యానందం నవ్వినట్టు చేశాడు. రాసినోనివి నువ్వే అని ఎరికె తమ్మీ, నువ్వే గద సదివినవు, మంచిగ సదివినవు, నా మీద గంత పెద్ద పెద్ద మాటలు ఎవ్వలు రాయలె అన్నాడు. వెక్కిరిస్తున్నాడేమోనని ముఖం చూశాను. వెక్కిరింత కాదు.

నా సైకిల్ దాకా వచ్చి, ముందుగాల్నే ఎరికె అన్నవు సూడు, గదొక్కటి సదవకపోతివి అన్నాడు.

తిరుగుదారిలో చాలా దూరం సైకిల్ నడిపించుకుంటూ వచ్చాను.

ఫిబ్రవరి 15

లింబయ్య సారుకు కొత్త కాయితం ఇచ్చాను. నూనె ఎందుకో తెలిసీ దాచానని, నాలుగు వాక్యాలు. మొదటి డ్రాఫ్టే. సారు చదివి, నౌకరి పేపర్లు ఎప్పుడో ఫ్యాక్టరికి పోయినయి, గది మల్ల రాదు, వాని మీద పడ్డ మచ్చ పోవాల్నంటె నలుగురు ఇనాలె, ఇరవై ఎనిమిదిన ప్రైజులిస్తున్నం, ఆడ సదువుతవా? అన్నాడు. చదువుతానన్నాను.

ఫిబ్రవరి 21

సిద్దిరాములుకు తెలిసింది. ఇంటికి వచ్చాడు. అరుస్తాడనుకున్నాను, అరవలేదు. అరుగు మీద కూర్చొని, నీ కాయిదంతోని నా నౌకరి పోతె మా అవ్వకు బియ్యం నువ్వు తెస్తవా, గది చెప్పు ముందుగాల అన్నాడు.  బియ్యానికి సరిపడే మాట కోసం నా మాటలన్నీ వెతికాను. లేదు.

ఫిబ్రవరి 25

చదవకుండా ఉండిపోవచ్చు. ఎవరూ అడగరు.

ఫిబ్రవరి 28, ఆదివారం. బోధన్

చదివాను. అలవాటుకొద్దీ ఇద్దరు చప్పట్లు మొదలుపెట్టి ఆపేశారు. సిద్దిరాములు తల వంచుకొని కూర్చున్నాడు. అతని నౌకరీ పోలేదు.

సత్యానందం రాలేదు. ఆదివారమైనా బండ్లు నింపుతున్నాడని కాశయ్య చెప్పాడు. సీజన్ ఇంకా పన్నెండు రోజులేనట.