కీర్తిశేషులు ఏసోబు కుమార్తె

సూర్యాపేట, 1949 ఫిబ్రవరి 5, శనివారం

రేపు మొదటి ప్రకటన. మూడు ఆదివారాలు చర్చిలో నా పేరు, దేవదానం పేరు చదువుతారు, ఆ తర్వాతే పెండ్లి. చర్చి అయ్యగారు ఇవాళ రిజిస్టరు తెరిచి తండ్రి పేరు అడిగారు. ఏసోబు అన్నాను. ఉన్నారా అని అడిగారు. తల అడ్డంగా ఊపాను. 'కీర్తిశేషులు' అని రాసుకున్నారు.

నోరు కూడా విప్పకుండా నాయనను చంపేశాను.

కోదాడలో పెండ్లికొడుకు వాళ్లకు నిరుడు చెప్పిన అబద్ధమే ఇది. దేవదానం తల్లి మంచిగానే అడిగింది, మీ నాన్నగారు ఏం చేస్తారమ్మా అని. మిర్యాలగూడలో చెప్పులు కుడతాడు, తాగుతాడు అని చెప్పడానికి నోరు రాలేదు. లేరన్నాను. పాపం, ఆమె నా తల నిమిరింది... ఆ చెయ్యి బరువు ఇంకా పోలేదు.

ఫిబ్రవరి 6, ఆదివారం

దారిలో చెప్పు ఉంగటం తెగింది. బొటనవేలికి పట్టు లేదు. కాలు ఈడ్చుకుంటూ వెళ్లి, మెట్ల కింద అందరి చెప్పుల పక్కన విడిచాను.

"కీర్తిశేషులు ఏసోబు కుమార్తె మార్త" — అయ్యగారు గట్టిగా చదివారు. అభ్యంతరం ఉన్నవాళ్లు చెప్పమన్నారు. ఎవరూ లేవలేదు. హమ్మయ్య అనుకున్నాను.

బయటికి వచ్చి చెప్పులో కాలు పెడితే — ఉంగటం కుట్టి ఉంది. కొత్త తోలు. దగ్గర దగ్గరగా మూడు కుట్లు, నాలుగోది వెనక్కి తిప్పి ముడి. అలా ముడి వేసేది ఒక్క మనిషే.

ఎవరో ముసలాయన గుమ్మం దగ్గర కూర్చున్నాడట. చివరి ప్రార్థనకు ముందే వెళ్లిపోయాడట.

ఫిబ్రవరి 7

బడిలో పిల్లలకు ఎక్కాలు చెప్తూ మధ్యలో మరిచిపోయాను. తాను చచ్చిపోయానని ఆయన చెవులారా విన్నాడు. విని, నా చెప్పు కుట్టాడు.

ఫిబ్రవరి 9

అన్నం సయించదు. తప్పంతా ఆయనదేనని నాకు నేనే నచ్చజెప్పుకుంటున్నాను. అమ్మ పోయాక ఆరేళ్లదాన్ని బోర్డింగులో వదిలేసింది ఎవరు? తాగొచ్చి గేటు దగ్గర పడిపోతే ఆడపిల్లలంతా నవ్వింది ఎవరిని చూసి? ఎవరే ఆయన అని అడిగితే, నాకు తెలియదన్నాను. అప్పుడు నాకు పన్నెండేళ్లు. ఆ తర్వాత ఆయన రాలేదు. పదేళ్లయింది, నేనూ పోలేదు.

ఆదివారం బడిలో క్షమాపణ గురించి పిల్లలచేత కంఠతా పట్టిస్తాను. సిగ్గు లేదు నాకు.

ఫిబ్రవరి 12, శనివారం. మిర్యాలగూడ వెళ్లొచ్చాను.

సంత దగ్గర గోడ నీడన ఉన్నాడు. ముందు తోలు నానేసిన కుండ. చిక్కిపోయాడు. దగ్గరికి వంగి, పలకరించే ముందు వాసన చూశాను — కల్లు తాగాడేమోనని. కాళ్లు పట్టుకోవడానికి వెళ్లినదాన్ని, నేను చేసిన మొదటి పని అది. ఆయనకు తెలిసిపోయింది. మానేసి రెండేళ్లయిందని తానే చెప్పాడు.

గోనె దులిపి కూర్చోమన్నాడు. నా పెండ్లి సంగతి సంతలో ఎవరో అంటే విని వచ్చాడట. ఆ రోజు లేచి ఎందుకు చెప్పలేదని అడిగాను.

"సచ్చినోడు అడ్డం సెప్తడా బిడ్డా?" నవ్వుతున్నాడు. నాకు ఏడుపు ఆగలేదు.

తప్పు నాదన్నాను. ఒప్పుకోడు.

"నీకు నాయన కావాల్సిననాడు నేను లేను. నువ్వు రాయించింది అబద్ధమెట్ల అయితది?"

కోదాడ వాళ్లకు చెప్పేస్తానంటే నా చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు. "జర ఆగు. పెండ్లి కానియ్. నేను గాడ గుమ్మం కాడ కూసుంట. గంతే సాలు నాకు."

సరేనని మాట ఇవ్వలేదు. ఇవ్వకుండానే బస్సెక్కాను.

ఫిబ్రవరి 13

రెండో ప్రకటన. లేవలేదు. గుమ్మం వైపు చూడనైనా లేదు.

ఫిబ్రవరి 16

అయ్యగారి ఇంటి దాకా వెళ్లి తిరిగొచ్చాను. పిరికిదాన్ని.

ఫిబ్రవరి 20, ఆదివారం

కోదాడ నుంచి దేవదానం, వాళ్లమ్మ వచ్చారు. మూడో ప్రకటన. 'కీర్తిశేషులు' అన్న మాట దగ్గరే లేచాను.

"మా నాయన చనిపోలేదు. నేనే అబద్ధం చెప్పాను. అదుగో, గుమ్మం దగ్గర ఉన్నాడు."

అందరూ వెనక్కి తిరిగారు. నాయన లేచి చేతులు జోడించాడు.

"టీచరమ్మ పొరపాటు పడ్డది అయ్యగారూ. నేను చెప్పులు కుట్టెటోన్ని. ఆమెకు ఏం గాను."

అబద్ధం. చర్చిలో నిలబడి, దేవుని ముందు, నా కోసం.

దేవదానం తల్లి ఆయన దగ్గరికి నడిచింది. "నిజం చెప్పండి పెద్దాయనా, ఈ పిల్ల మీ కూతురేనా?" అని మెల్లగా అడిగింది. మళ్లీ కాదన్నాడు.

నేను వెళ్లి, చెప్పుల పక్కన, ఆయన పక్కన కింద కూర్చున్నాను. దూరం జరిగాడు. నేనూ జరిగాను. గోడ తగిలాక ఇంక జరగలేకపోయాడు.

ఫిబ్రవరి 21

మూడో ప్రకటన చెల్లదన్నారు అయ్యగారు. తండ్రి బతికి ఉంటే ఆయనే వేలిముద్ర వేయాలి, అప్పుడే మళ్లీ చదువుతారట. కోదాడ వాళ్లు నిన్న భోజనానికి కూడా ఆగకుండా బస్సెక్కారు. దేవదానం ఒక్కసారి వెనక్కి చూశాడు. కోపమో, జాలో... తెలియలేదు.

నాయనను వెళ్లనివ్వలేదు. బడి అరుగు మీద కూర్చుని నా రెండో చెప్పు కుడుతున్నాడు, అదీ రేపోమాపో తెగుతుందని. కాగితం, సిరా తెచ్చి ముందు పెట్టాను.

"ఏమని ఎయ్యాలె బిడ్డా?"

మార్త తండ్రినని, అన్నాను.

బొటనవేలికి నేనే సిరా పూశాను. ఆ వేలు ఎత్తిపెట్టి, మిగతా వేళ్లతో కుడుతూనే ఉన్నాడు. సిరా ఆరిపోతోంది.