యాభై రెండేళ్ల మైనరు విన్నపం

బాటన్ రూజ్,
మార్చి 9.

బ్రో బ్రిడ్జ్ వాస్తవ్యురాలు, నా చట్టబద్ధ సంరక్షకురాలు అయిన శ్రీమతి ఆజెలీ గిడ్రీ గారి సముఖమునకు కుమారుడు ఉలిస్ నమస్కరించి సమర్పించు విన్నపం.

ఇక్కడ నేను క్షేమం. తమరి మోకాలి నొప్పి తగ్గిందని చెల్లెలు క్లోటీల్డ్ ద్వారా తెలిసి సంతోషించాను.

విషయమేమనగా, ఫోన్లలో వయసు నిర్ధారించాలన్న మన రాష్ట్రపు కొత్త చట్టం అమలులోకి వచ్చింది. దాని ముసాయిదా రాసిన గుమాస్తాలలో నేనొకడినని తమరెరుగుదురు. మొన్న నేనొక పేకాట యాప్ దించుకోబోగా ఫోన్ నా ముఖం చూపించమంది. చూపించాను. కుడికి తిరగమంది, తిరిగాను. తమరి పుట్టింటివారి గుండ్రటి బుగ్గలను, మీసం సరిగా మొలవని నా మూతిని పరిశీలించి, వయసు పదమూడుకూ పదిహేనుకూ మధ్య అని తేల్చింది. మైనరు ఏది దించుకోవాలన్నా తల్లిదండ్రుల సమ్మతి తప్పనిసరి. ఆ వాక్యం నిర్మించింది నేనే. చక్కగా కుదిరింది.

ఆఫీసులో పక్క బల్ల ఎర్లీన్ "ఏం బాబూ, పాలు తాగావా? అమ్మనడిగి రా, ఆడుకుందువుగాని" అంటోంది. పై అధికారి మాత్రం మర్యాదస్థుడు. సమావేశం ఆలస్యమైతే మీ అమ్మ ఏమీ అనదు కదా అని విచారించారు.

నాన్నగారు గతించినందున సమ్మతించగలవారు తమరొక్కరే. అయితే తమరు నాతో మాట్లాడి ఏడాది కావస్తోంది. నిరుడు ఈస్టరు ముందు శుక్రవారం, వాకిట్లో బల్లపై పేపర్లు పరిచి, ఉడికిన క్రాఫిష్ రొయ్యలు కుమ్మరించుకుని ఒలుచుకుంటూ ఉండగా ఈ చట్టం ప్రస్తావన వచ్చింది. "పిల్లల్ని చూసుకోడానికి సర్కారు కావాల్సొచ్చిందట్రా? నిన్ను నేను పెంచలా?" అని తమరన్నారు. "నువ్వెక్కడ పెంచావమ్మా, వాగులో మొసళ్లు పెంచాయి గానీ" అని నేనన్నాను. బంధువులందరూ నవ్వారు. తమరు నవ్వలేదు. చేతులు కడుక్కుని, "అయితే పోయి ఆ మొసలినే అమ్మా అని పిలువు" అని లోపలికి వెళ్లిపోయారు.

అప్పటినుంచి నేను ఫోన్ చేస్తే క్లోటీల్డ్ ఎత్తి, తమరు కోళ్లకు మేత వేస్తున్నారని చెబుతోంది. ఏ వేళ చేసినా ఆ కోళ్లు తింటూనే ఉన్నాయి.

కావున, సదరు సమ్మతి దయచేయించవలసిందిగా ప్రార్థన. లిఖితపూర్వక సమ్మతి చెల్లదు. క్లోటీల్డ్ చేత చెప్పించిన మాటా చెల్లదు. సంరక్షకురాలు స్వయంగా మైనరుకు ఫోన్ చేసి, తన నోటితో తెలియజేయాలి. తిరస్కరించదలచినా ఇదే పద్ధతి. మందలింపులకు కాలపరిమితి లేదు.

ఇట్లు,
తమరి సంరక్షణలోని మైనరు,
ఉలిస్ గిడ్రీ

తా.క.: అమ్మా, డ్రైవింగ్ లైసెన్సు చూపిస్తే ఆ ఫోన్ అప్పుడే ఒప్పుకునేది. లైసెన్సు నా జేబులోనే ఉంది. నువ్వే ఫోన్ చేసి నీ నోటితో చెప్పాలన్న నిబంధన చట్టంలో ఎక్కడా లేదు. అది ఈ ఉత్తరం కోసం నేను రాసుకున్నది.